బాగుపడ్డ మనిషికి ఇంకో పాత్ర

డిప్రెషన్‌తోనో, బైపోలార్‌తోనో, స్కిజోఫ్రీనియాతోనో కొన్నాళ్లు ఆసుపత్రి చుట్టూ తిరిగి, మందులు కుదిరి, నిద్ర పట్టి, ఆకలి తిరిగొచ్చిన మనిషికి ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో గమనించండి. పొద్దున లేవగానే "గోలీలేసుకున్నవా?" మధ్యాహ్నం "జర పండుకో." సాయంత్రం "ఎటూ పోకు." రాత్రి మళ్లీ గోలీలు. అందరూ ప్రేమతోనే అడుగుతారు. కానీ ఆ ఇంట్లో అతనికి మిగిలిన పాత్ర రోగి ఒక్కటే. ఒకప్పుడు అతను చెల్లెలికి లెక్కలు చెప్పిన అన్న, గల్లీ క్రికెట్‌లో వికెట్ కీపర్, బోనాలనాడు డప్పు వినపడగానే అడుగేసే కుర్రాడు. ఆ పాత్రలను ఎవరూ గుంజుకోలేదు. అడగడం మానేశారు, అంతే.

కోలుకుంటున్న మనిషికి సానుభూతి కన్నా ముందు చేయడానికి ఒక పాత్ర కావాలని నేను గట్టిగా నమ్ముతాను. పాత్రలు పంచే పని నాటకానికి పుట్టుకతోనే వచ్చు. ఈ అధ్యాయంలో నాటకమంటే పరిషత్తుల్లో బహుమతులకు పోటీపడే నాటకం అనుకోకండి. ఎనిమిది, పది మంది ఒక గదిలో కూడి సాధన చేసి, బస్తీలోనో కాలేజీలోనో చాప పరిచి పావుగంట ఆడే ఆట. అంబర్‌పేట, తార్నాక, ఉస్మానియా క్యాంపస్ చుట్టుపక్కల ఉండేవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మీది వేరే ఊరైతే వీధుల పేర్లు మార్చుకోండి.

పాత్రలకూ మనసుకూ ఉన్న ఈ ముడిని పట్టుకున్న డాక్టరు జేకబ్ మొరెనో. 1921లో వియన్నాలో ముందుగా రాసుకున్న సంభాషణలు లేని నాటకశాల ఒకటి మొదలుపెట్టాడు. తర్వాత అమెరికా వెళ్లి, 1936లో న్యూయార్క్ రాష్ట్రంలోని బీకన్‌లో మానసిక చికిత్సాలయం తెరిచి, దానికి అనుబంధంగా ఒక రంగస్థలం కట్టించాడు. సైకోడ్రామా అని మనం వింటున్నది ఆయన పద్ధతే. మనిషిలో ముందు పాత్రలు పుడతాయి, ‘నేను’ అనేది వాటిలోంచి తయారవుతుంది అన్నది ఆయన ఆలోచన. దాన్ని మన ఇళ్లకు వర్తింపజేసి చూడండి. పాత్రలు తగ్గిపోయిన మనిషికి తన మీద తనకు నమ్మకం తగ్గిపోవడంలో ఆశ్చర్యమేముంది?

రెండో పేరు బ్రెజిల్ నాటక దర్శకుడు అగస్తో బోల్. నియంతల ప్రభుత్వం 1971లో ఆయన్ని అరెస్టు చేసి, హింసించి, దేశం వదిలి వెళ్లేలా చేసింది. ఫోరం థియేటర్ ఆయన పెంచిన పద్ధతే. ఒక చిన్న నాటకం ఆడతారు, అది చెడ్డగా ముగుస్తుంది. మళ్లీ మొదటినుంచి ఆడుతుంటే ప్రేక్షకుల్లోంచి ఎవరైనా "ఆగండి" అని లేచి వచ్చి, అన్యాయం జరుగుతున్న పాత్ర స్థానంలో నిలబడి వేరే దారి వెతుకుతారు. పేదరికం మీద, భూమి మీద పనిచేసి వచ్చిన బోల్‌కు 1980లలో ప్యారిస్‌లో వేరే రకం మనుషులు ఎదురయ్యారు. ఒంటరితనం, లోపల ఖాళీ, భయం, ఇవీ వాళ్ల బాధలు. ఎదురుగా పోలీసు ఎవడూ లేడు. వీళ్ల పోలీసు తలలోనే ఉన్నాడని గుర్తించి, అతన్ని బయటికి రప్పించే సాధనలు తయారు చేశాడు. "నన్నెవరు పనిలో పెట్టుకుంటరు", "నాకు పెండ్లెందుకు" అని తనను తానే ముందుగా కొట్టేసుకునే మనిషిని మీరు చూసే ఉంటారు. బస్తీలో నలుగురు అనే మాటల కన్నా ఆ లోపలి పోలీసు ఎక్కువ హాని చేస్తాడు.

ఇదంతా విదేశీ సరుకు అనుకునేవాళ్లకు ఒక్క మాట. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడించిన గురజాడ సంఘ సంస్కరణ కోసమే ఆ నాటకం రాశానని ముందుమాటలోనే చెప్పుకున్నాడు. ప్రజానాట్యమండలి ఊరూరా తిరిగింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాంలు ఎంతమందిని కదిలించాయో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడి పాటకు గొంతు కలిపినవాళ్లను అడగండి. నాటకంతో, పాటతో మనసులు మార్చడం మనకు కొత్త కాదు. ఆ బలాన్ని మనసు జబ్బుల వైపు తిప్పడం మాత్రం మనం ఇంకా చాలినంత చేయలేదు.

తిప్పితే ఏమవుతుందో తెలుగు నేల మీదే పరీక్షించి చూశారు. పశ్చిమగోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్, పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అనే కార్యక్రమం నడిపింది. ఊళ్లలో ఆశా కార్యకర్తలతో, డాక్టర్లతో చికిత్స దారి వేస్తూనే, చికిత్సకు వెళ్లడానికి సిగ్గుపడే జనం కోసం ప్రచారమూ చేసింది. కరపత్రాలు, పోస్టర్లు, జబ్బును దాటి వచ్చిన మనిషి తన అనుభవం చెప్పే వీడియో, వీటితోపాటు ఒక నాటకం. రెండు గ్రామాల్లో ప్రచారానికి ముందూ తర్వాతా జనాన్ని కలిసి అడిగి చూశారు. ఫలితాలు 2017లో ‘సైకలాజికల్ మెడిసిన్’ పత్రికలో వచ్చాయి. సహాయం కోరడానికి అడ్డొచ్చే సిగ్గు తగ్గింది. అన్నిటిలో ఏది బాగా పనిచేసిందని ఊరివాళ్లను లోతుగా అడిగితే రెండింటి పేరే ఎక్కువగా చెప్పారు: జబ్బు అనుభవించిన మనిషిని నేరుగా వినడం, నాటకం చూడడం. కరపత్రం కాదు, పోస్టరూ కాదు.

ఆ రెండూ పక్కపక్కన నిలవడం నాకు చాలా ముఖ్యమైన విషయంగా తోస్తుంది. 2012లో అమెరికాలో ప్యాట్రిక్ కోరిగన్ బృందం 14 దేశాల్లో జరిగిన 72 అధ్యయనాలను కలిపి చూసింది. పెద్దవాళ్లలో చులకన భావం తగ్గించడానికి పాఠం చెప్పడం కన్నా కోలుకున్న మనిషితో పరిచయం ఎక్కువ పనిచేసింది. కౌమారంలో ఉన్న పిల్లల్లో మాత్రం పాఠమే ముందుంది. కాబట్టి జూనియర్ కాలేజీకి వెళ్తే ఆటకు ముందు జబ్బు గురించి ఇరవై నిమిషాలు తేటగా చెప్పండి. అంబర్‌పేట బస్తీలో పెద్దల ముందు ఆడితే ఉపన్యాసం తగ్గించి, ఆట అయ్యాక నటులను జనం మధ్య కూర్చోబెట్టి చాయ్ తాగనివ్వండి.

ఇక మొదలుపెట్టడం ఎలా?

జట్టులో సగం మందైనా జబ్బును అనుభవించినవాళ్లు ఉండాలి. మిగతావాళ్లు వాళ్ల అన్నదమ్ములు, స్నేహితులు, నాటకం మీద ఇష్టమున్న విద్యార్థులు. ఎవరు ఎవరన్నది బయటివాళ్లకు తెలియనవసరం లేదు, జట్టు లోపల కూడా చెప్పాలన్న బలవంతం వద్దు. ఒక క్లినికల్ సైకాలజిస్టో, సైకియాట్రిక్ సోషల్ వర్కరో సాధనలకు వచ్చేలా మాట్లాడుకోండి. వీలు కాకపోతే ఎవరికైనా ఇబ్బంది వచ్చినప్పుడు ఫోన్ చేస్తే పలికేలా ముందే ఒప్పందం ఉండాలి. చేరాలనుకునేవాళ్లు తమ డాక్టరుతో ఒక మాట చెప్పాలి. జబ్బు తీవ్రంగా ఉన్న దశలో, లేని మాటలు వినిపిస్తున్నప్పుడు, అనుమానాలు ముసురుతున్నప్పుడు ఎవరినీ సాధనలోకి లాగకండి. స్థిమితపడ్డాక రావచ్చు, చోటు అలాగే ఉంటుంది.

నాటకం మందుకు బదులు కాదని కూడా తేటగా చెప్పాలి. స్కిజోఫ్రీనియాలో డ్రామా థెరపీ ఎంత పనిచేస్తుందని 2007లో కాక్రేన్ సంస్థ సమీక్షించినప్పుడు దొరికినవి ఐదు చిన్న అధ్యయనాలే. వాటితో ఏదీ గట్టిగా తేల్చలేమన్నారు. కాబట్టి "నాటకం వేసి గోలీలు మానేసిన" అని ఎవరైనా గొప్పగా చెప్పబోతే అక్కడే ఆపండి.

సాధన వేళ గురించి ఎవరూ ఆలోచించరు. చాలా మందులకు పొద్దున మత్తు వదలదు, నోరు ఎండిపోతుంది, కొందరికి చేతులు వణుకుతాయి. పొద్దున ఏడింటికి రమ్మంటే రాలేకపోయిన మనిషి తాను పనికిరానని అనుకుంటాడు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా పెట్టుకోండి, మధ్యలో విరామం, అందరికీ నీళ్లు. జబ్బు, మందులు రెండూ జ్ఞాపకాన్ని కొంత మందగింపజేస్తాయి కాబట్టి పేజీల కొద్దీ సంభాషణలు బట్టీ పట్టించకండి. సన్నివేశం ఏమిటో చెప్పి, మాటలు వాళ్లనే పుట్టించనివ్వండి. చేయి వణికే మనిషికి చాయ్ కప్పు అందించే పని ఇవ్వకండి, అతనే అడిగితే తప్ప.

మొదటి నెల జబ్బు మాటే ఎత్తొద్దు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరు చేసింది ఇంకొకరు అద్దంలా చేయడం, పేరు చెబుతూ ఒక చేష్ట చేస్తే అందరూ అదే తిరిగి చేయడం, బస్సు కోసం ఎదురుచూసే జనంగా మారడం, ఇలాంటివే. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడం చాలా రోజుల తర్వాత ఇదే మొదటిసారి కావచ్చు. రెండో నెల ‘శిల్పం’ మొదలుపెట్టండి. ఒకరు "ఆదివారం మా ఇల్లు" అనుకుని జట్టులో నలుగురిని మాట లేకుండా బొమ్మల్లా నిలబెడతారు: ఎవరెక్కడ, ఎవరి ముఖం ఎటు. తర్వాత "ఎలా ఉంటే బాగుండు?" అని ఇంకో శిల్పం. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎవరు ఎన్ని అడుగులు వేయాలో అందరూ చూస్తారు. నాటకానికి కథ అక్కడ దొరుకుతుంది, రచయిత అక్కర్లేదు.

ఒక కథ రూపంలో చూపిస్తాను. ఇది నేను కల్పించిందే.

అంబర్‌పేటలో రెండు గదుల ఇల్లు. అక్కకు పెండ్లిచూపులు. తమ్ముడు ఏడాదిగా మందులు వాడుతున్నాడు, ఈ మధ్యే డీటీపీ సెంటర్‌లో పనికి కుదిరాడు. టీవీ స్టాండు మీద అమ్మ షుగరు గోలీలు, నాన్న బీపీ గోలీలు, వాటి పక్కనే తమ్ముడి గోలీల పట్టీ. వచ్చేవాళ్లు ఆటో దిగారనగానే అమ్మ గబగబా స్టాండు దగ్గరికి వెళ్తుంది. షుగరు గోలీలు అక్కడే ఉంచుతుంది, బీపీవి అక్కడే ఉంచుతుంది, కొడుకు పట్టీ మాత్రం తీసి బియ్యం డబ్బాలో దూరుస్తుంది. మేనత్త గొంతు తగ్గించి, "వదినా, గీ పోరన్ని జర బయటికి తోలియ్యరాదు? ఆళ్లేమన్న అడిగితే ఏం జెప్తం?" అంటుంది. తమ్ముడు వింటాడు. ఏమీ అనకుండా చెప్పులేసుకుంటాడు. ఆట అయిపోయింది.

ఇప్పుడు సూత్రధారి ముందుకొచ్చి, "ఏం జేస్తే ఇది ఇంకో తీరుగ జరుగుతుండె? చెప్పుడు కాదు, వచ్చి చేసి చూపియ్యుండ్రి" అంటాడు. మొదట ఎవరూ లేవరు. లేవకపోయినా పర్వాలేదు, మళ్లీ ఆడండి. ఒకావిడ అక్క పాత్రలోకి వచ్చి "వాడు ఇంట్లనే ఉంటడు, వచ్చినోళ్లకు చాయ్ వాడే ఇస్తడు" అనవచ్చు. మేనత్త వేసిన నటి అంత సులువుగా ఒప్పుకోకూడదు. "సంబంధం పోతే నువ్వు తెస్తవా ఇంకోటి?" అని నిలదీయాలి, నిజంలో అలాగే జరుగుతుంది కాబట్టి. ఇంకో కుర్రాడు తమ్ముడి స్థానంలో నిలబడి "నేను పోత. కని నన్నెందుకు పంపుతున్నరో నా మొఖం జూసి చెప్పుండ్రి" అనవచ్చు. ఎవరో అమ్మగా వచ్చి, ఏమీ మాట్లాడకుండా బియ్యం డబ్బా తెరిచి ఆ పట్టీని షుగరు గోలీల పక్కన తిరిగి పెట్టవచ్చు. మేనత్తను మార్చేసి "మంచిదాన్ని" చేయడానికి ఎవరైనా వస్తే మర్యాదగా వద్దనండి. అన్యాయం చేసే మనిషి మాయలా మారిపోతే చూసేవాళ్లు ఇంటికి పట్టుకుపోవడానికి ఏమీ మిగలదు. ఆమె భయం కూడా నిజమైనదే, దాన్ని వినాలి.

క్యాంపస్‌లో ఆడితే ఇదే అచ్చులో వేరే కథ అల్లుకోండి. నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసి, నిద్రపోక, తిండి మాని, గది తలుపు తీయని కుర్రాడు, పండక్కి ఊరికి పోతే "ఇంకెన్నేండ్లు సదువుతవ్ బిడ్డా?" అనే తండ్రి, ఏమనాలో తెలియని రూమ్‌మేట్. ఫోరం రూమ్‌మేట్ పాత్ర మీద నడవాలి. చూసేవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒకరోజు ఆ స్థానంలో ఉండబోయేవాళ్లే. ఠాగూర్ ఆడిటోరియం లాంటి పెద్ద వేదిక కోసం ఆశపడకండి. నలభై మంది దగ్గరగా కూర్చునే తరగతి గది, హాస్టల్ వరండా చాలు. దూరం నుంచి చూసే ప్రేక్షకుడు లేచి రాడు.

ఆత్మహత్య ప్రస్తావన వచ్చే కథైతే ఎలా ప్రయత్నించాడో చూపించొద్దు, చెప్పనూ వద్దు. ఉత్తరం చదివించడం, సంతాప సభ పెట్టడం, చనిపోయాక అందరూ పశ్చాత్తాపపడడం, ఇవన్నీ తీసేయండి. కష్టంలో ఉన్న ఒక పిల్ల లేదా పిల్లవాడు ఆ గదిలో కూర్చుని ఉన్నారనే అనుకుని ప్రతి వాక్యం రాయండి. ఒక విషయం మాత్రం పాత్రచేత చెప్పించండి: ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రిలో అబద్ధం చెప్పే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

నవ్వు విషయంలో నేను కఠినంగా ఉంటాను. బుర్రకథలో ఒక వంత రాజకీయం చెబితే ఇంకో వంత హాస్యం చెబుతాడు. ఆ అచ్చు ఈ పనికి చక్కగా సరిపోతుంది, జనం మనసులో ఉన్న పిచ్చి ప్రశ్నలన్నీ హాస్యం నోట అడిగించవచ్చు. కానీ "నిన్ను ఎర్రగడ్డకు తోలాలె" అనే పాత జోకు వేసి చప్పట్లు కొట్టించుకుంటే, ముందు వరుసలో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో వైద్యం పొంది వచ్చిన మనిషి ఉంటే, ఆమెను మీరే మళ్లీ ఇంట్లోకి నెట్టినట్టు. నవ్వు భయపడేవాళ్ల భయం మీద పుట్టాలి. జబ్బు మనిషి మీద కాదు.

ఎవరి కథను వాళ్లచేతే ఆడించకండి. తార్నాకలో చెప్పిన కథ హబ్సిగూడకు చేరడానికి పూట పట్టదు. ఊరు, వయసు, ఉద్యోగం మార్చి, వేరేవాళ్లకు ఆ పాత్ర ఇవ్వండి. తన కథను ఇంకొకరు ఆడుతుంటే పక్కన కూర్చుని చూడడంలో ఒక ఊరట ఉంది: అది నాకు జరిగింది, కానీ అదే నేను కాదు. ఎవరైనా చివరి నిమిషంలో వద్దంటే ఆ సన్నివేశం తీసేయాలి, కారణం అడగకూడదు. ఫోన్లు తీసి వీడియోలు పట్టేవాళ్లను మొదటే ఆపండి. మానసిక ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న మనిషి ఫొటోగానీ వివరంగానీ ఒప్పుకోలు లేకుండా మీడియాకు ఇవ్వకూడదని పైన చెప్పిన చట్టమే అంటోంది. మనం ఇంకో అడుగు ముందుకేసి అసలు చిత్రీకరణే వద్దనుకోవడం మంచిది.

ప్రతి సాధన తర్వాత, ప్రదర్శన తర్వాత పాత్రను వదిలించుకునే పద్ధతి తప్పనిసరి. మేనత్త వేసిన నటి ఆ పాత్ర కోసం కప్పుకున్న కొంగు తీసి బల్ల మీద పెట్టి, తన సొంత పేరు, ఈ రాత్రి తాను తినబోయే కూర పేరు గట్టిగా చెప్పాలి. చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది కానీ, దీన్ని ఎగ్గొట్టిన రోజు పాత్ర ఇంటిదాకా వెంట వస్తుంది.

నటించనని మొండికేసేవాళ్లు ఉంటారు. వాళ్లే చాలాసార్లు జట్టుకు వెన్నెముక అవుతారు. డప్పు వాళ్లకు ఇవ్వండి, చాపలు పరిచే పని ఇవ్వండి, ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో రాసే పుస్తకం ఇవ్వండి. ఆ పని జాలితో పెట్టిన పని కాకూడదు. ఆ మనిషి రాకపోతే ఆరోజు సాధన నిజంగా ఇబ్బంది పడాలి.

ఆట అయ్యాక ప్రేక్షకుల్లో ఒకరిద్దరు మెల్లగా దగ్గరికొచ్చి "మా వదినకు కూడ గిట్లనే..." అంటారు. ఆ క్షణం కోసం సిద్ధంగా ఉండకపోతే మిగతా శ్రమ వృథా. జట్టులో ఒకరు ఆ పని మీదే ఉండాలి. టెలిమానస్ 14416 నంబరు ముద్రించిన చిన్న కార్డులు చేతిలో ఉండాలి. అది 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇక్కడివాళ్లకు గాంధీ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ దగ్గర. ఓపీ ఏ రోజుల్లో, ఏ గదిలో ఉంటుందో ముందే వెళ్లి కనుక్కుని కార్డు వెనక రాయండి. "డాక్టరు దగ్గరికి పోండి" అన్న సలహాకు, "మంగళవారం పొద్దున ఫలానా గదికి పోండి, నేను గేటు దగ్గర ఉంట" అన్న మాటకు ఎంత తేడా ఉందో మీకు చెప్పనక్కర్లేదు.

వేదిక కోసం డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. వినాయక చవితి తొమ్మిది రోజులూ అంబర్‌పేట గల్లీల్లో మండపాలు, మైకులు, జనం ఉంటారు. యువజన సంఘం పిల్లలను ముందుగా కలిసి, నిమజ్జనం రోజు కాకుండా మధ్యలో ఒక సాయంత్రం అరగంట అడగండి. మైకు అక్కర్లేదని చెబితే ఇంకా సంతోషంగా ఇస్తారు. అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం కాబట్టి క్యాంపస్ ప్రదర్శనకు ఆ వారం అనుమతి దొరకడం తేలిక. వీటికి తయారు కావాలంటే ఉగాది నాటికి జట్టు కూడాలి. రెండు నెలలు ఆటలకూ శిల్పాలకూ, రెండు నెలలు కథకు, మిగిలింది సాధనకు. మొదటి ప్రదర్శన బయటివాళ్ల ముందు పెట్టకండి. జట్టులో ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి ఒక్కొక్కరిని పిలిచి వాళ్ల ముందు ఆడండి, ఆట అయ్యాక వాళ్లు ఏమన్నారో రాసుకోండి, ఆ మాటలతో కథను మళ్లీ దిద్దండి.